ఒక దరఖాస్తుకు ఒకే క్రియ

నేను పుట్టి బుద్ధెరిగాక ఇంతవరకూ ఒక్కసారి కూడా జారిపడలేదు. మా మొగరేవులో ఈ మాట చెప్పుకోగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. మా ఊరి నేల ఎలాంటిదో తెలిసినవాళ్లకి ఇదెంత గొప్పో అర్థమవుతుంది. రేవు గట్టు మీద చేపల పొలుసు, బజారంతా రొయ్యల నీళ్లు, ఐసు ఫ్యాక్టరీ ముందు ఎప్పుడూ ఆరని తడి. మా ఊరి పిల్లులు గోడ పట్టుకుని నడుస్తాయి. ఊరేగింపులో పెళ్లికొడుకు జారకుండా మండపం చేరితే, వీడు మన ఊరివాడేనా అని ఆడపెళ్లివారు ఆరా తీస్తారు. అలాంటి ఊళ్లో ఇన్నేళ్లు నిటారుగా తిరిగినవాణ్ణి కనక, జారుడు గురించి మాట్లాడే అర్హత నాకుంది.

మా ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు లాగే కొప్పాడి పోలయ్యకి నా అంత యోగం లేదు. ఒకరోజు పొద్దున్నే బోట్లవాళ్లు తొందరపెడుతుంటే, కొక్కెం తగిలించి దిమ్మని లాగుతూ జారిపడ్డాడు. వెనకాలే దిమ్మ కూడా జారివచ్చి అతని మోకాలి మీద కూర్చుంది. దిమ్మ కరిగింది గానీ మోకాలు కుదురుకోలేదు. కాలు చాచింది చాచినట్టే బిగుసుకుపోయింది. పెద్దాసుపత్రి డాక్టరు చూసి, ఆపరేషను చేస్తే మడత పడుతుంది, లేకపోతే జన్మంతా తెడ్డు కర్రలా ఇంతే అన్నాడు. ఆపరేషనుకి కావలసింది ఫ్యాక్టరీ ఇవ్వవలసిన పరిహారం.

ఫ్యాక్టరీ యజమాని చలపతి గారు చాలా నెమ్మదైన మనిషి. గొంతు పెంచరు. "పోలయ్య నా దగ్గర పడ్డ మాట నిజం. జారింది మాత్రం వాళ్లింటి దగ్గర" అన్నారు. వాళ్లింటికీ ఫ్యాక్టరీకీ మధ్య రెండు వీధులూ ఒక కాలవ వంతెనా ఉన్నాయి. అంతదూరం ఆపకుండా జారివచ్చి, సరిగ్గా పని వేళకి ఫ్యాక్టరీలో పడ్డాడని ఆయన వాదన.

పోలయ్య పెళ్లాం నూకాలు తట్టలో చేపలు పెట్టుకుని ఊరంతా తిరిగి అమ్ముతుంది. ఆ గొంతు వింటే మా ఊళ్లో కుక్కలు దారి ఇస్తాయి. ఆవిడ తిన్నగా నా అరుగు మీదికి వచ్చి కూర్చుంది.

"సూరన్న బాబాయ్, ఓ అర్జీ ముక్క రాసిపెట్టు. ఆయన కాలు చాపుకుని కూచుంటే ఇల్లు సగం కాలే అయిపోయింది. మొన్న మా కోడి తగులుకుని పడింది. పైగా అక్కడ కూచునే నాకు పులుసు పెట్టడం నేర్పుతున్నాడు. ఆ కాలన్నా వంగాలి, నేనన్నా ఊరొదిలి పోవాలి."

నేను వీధిబడిలో చదివినవాణ్ణి. మా పంతులు గారు బెత్తంతో అచ్చులు, అరచేత్తో హల్లులు నేర్పారు. నా రాతంటే రేవులో మంచి పేరుంది. ఠావు కాయితం మీద ఒకే ఒక్క వాక్యం రాశాను: "కొప్పాడి పోలయ్య ఫ్యాక్టరీలో ఐసు దిమ్మ లాగుతూ జారిపడి మోకాలు విరగ్గొట్టుకున్నాడు." ఇందులో ఏ మాట తీసినా లోటే, ఏ మాట చేర్చినా బరువే అని మురిసిపోయాను. ఆ మురిపెం పట్నం చేరేదాకా ఉంది.

కార్మిక పరిహార వివాదాల పరిష్కార కార్యాలయం పట్నంలో ఒక మేడ మీద ఉంది. కాలు విరిగినవాడు మెట్లెక్కలేడు. ఎక్కగలిగాడంటే కాలు విరగలేదని తేలిపోతుంది. ఆ విధంగా చాలా వివాదాలు మెట్ల దగ్గరే పరిష్కారమై, ఆ కార్యాలయానికి మంచి పేరొచ్చింది. మేం పోలయ్యని కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్లాం. వంగని కాలు ముందుకి పొడుచుకొచ్చి, మా కంటే ముందు తనే ఆఫీసులో ప్రవేశించింది.

అధికారి దక్షిణామూర్తి గారు సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చేసిన కాయితంలా ఉంటారు. ఎర్ర పెన్సిలు తీసి నా వాక్యం చదివారు. మళ్లీ చదివారు. ముఖం మీదికి బాధ వచ్చింది.

"ఈ అర్జీ రాసినదెవరు?"

మెచ్చుకుంటారేమోనని నేను ముందుకి జరిగాను. "నేనేనండి."

"నూతన విధివిధానములు అమలులోకి వచ్చిన సంగతి తమకు తెలియునా? ఒక దరఖాస్తునందు ఒక సంఘటన మాత్రమే ఉండవలెను. సంఘటన అనగా నేమి? అనుబంధములో నిర్వచించడమైనది. సంఘటన అనగా ఒక క్రియ. కావున ఒక దరఖాస్తుకు ఒకే క్రియ. తమరు ఎన్ని వాడితిరో చూచుకొంటిరా?"

ఎర్ర పెన్సిలుతో సున్నాలు చుట్టారు. లాగుతూ ఒకటి. జారి ఒకటి. పడి ఒకటి. విరగ ఒకటి. కొట్టుకున్నాడు ఒకటి. నా వాక్యానికి మశూచికం పోసినట్టయింది.

"ఇది దరఖాస్తు కాదు. క్రియల సంత" అన్నారాయన.

నూకాలు గుండెల మీద చెయ్యేసుకుంది. "కిరియలేంటండీ? మా ఆయన బతికే ఉన్నాడండి! అదుగో, కుర్చీలో కూచుని మిమ్మల్నే చూస్తన్నాడు. అప్పుడే కిరియలెవరు చేయమన్నారండీ?"

"ఆ క్రియలు కాదమ్మా, వ్యాకరణ క్రియలు."

"ఏ కిరియలైనా బతికున్నోడికి చేయరండి."

ఇంతలో అవతలి పక్షంగా వచ్చి కూర్చున్న చలపతి గారు మెల్లగా లేచి, ఆఖరి సున్నా మీద వేలు పెట్టారు. "సార్, ఈ మాట రికార్డు చేయండి. కొట్టుకున్నాడు. ఎవరూ కొట్టలేదు, తనే కొట్టుకున్నాడు. వాళ్లే రాసుకొచ్చారు."

"నా మోకాలు నేనెందుకు కొట్టుకుంటానండీ?" అన్నాడు పోలయ్య. "కొట్టుకుంటే తల కొట్టుకుంటాను గానీ. ఇక్కడికొచ్చాక ఆ కోరిక పుడతంది కూడానండి."

దక్షిణామూర్తి గారు తీర్పు చెప్పారు. సదరు వాక్యము ముక్కలు చేయబడి, ఒక్కొక్క క్రియ సంబంధిత సెక్షనుకు పంపబడును. అన్ని సెక్షన్లూ ఔనన్ననాడు పరిహారము. ఏ ఒక్కటి కాదన్నా లేదు.

ముందు లాగుడు సెక్షనుకి వెళ్లాం. అక్కడి గుమాస్తా చాలా మర్యాదస్తుడు. "దిమ్మ లాగినట్టు యజమాని కూడా ఒప్పుకున్నారు. వివాదం లేదు. వివాదం లేనిచోట పరిష్కారం ఉండదు. ఫైలు మూసేశాం. శుభం" అని నమస్కారం పెట్టాడు.

జారుడు సెక్షను అనసూయ గారిది. కళ్లజోడు పైనుంచి చూశారు. "జారాడు, సరే. జారినందువల్ల దెబ్బేమైనా తగిలిందా?"

"పడితే కదమ్మా తగిలేది" అన్నాను.

"పడటం నా సెక్షను కాదు. జారి అక్కడితో ఆగితే దెబ్బ లేదు. దెబ్బ లేకపోతే పరిహారం లేదు."

"జారినవాడు మధ్యలో ఎక్కడ ఆగుతాడమ్మా?"

"అది మీరు ఆయన్ని అడగాలి."

పక్కన పాటు సెక్షను, అంటే పడటం సంగతి చూసేది. అక్కడ కామేశం గారు చాలా ఏళ్లుగా పడినవాళ్లని చూసి చూసి విసిగిపోయిన మనిషి. "ఎందుకు పడ్డాడు?" అన్నారు.

"జారి."

కామేశం గారు చెవులు మూసుకున్నారు. "ఆ మాట ఇక్కడ అనకూడదు. పక్క సెక్షను వాళ్లు వింటే అధికార పరిధి గొడవవుతుంది. జారకుండా ఎందుకు పడ్డాడో చెప్పండి."

"జారకపోతే నిలబడే ఉంటాను కదండీ" అన్నాడు పోలయ్య.

"అయితే నిలబడే ఉన్నాడని రాసుకుంటున్నాను."

నూకాలు తట్ట కింద పెట్టింది. "ఏవండీ కామేశం గారూ, మిమ్మల్ని ఓ తోపు తోస్తే మీరెటు పడతారో చూపించమంటారా? జారుడుతో పనుండదు."

"అది తోపుడు సెక్షనమ్మా" అన్నారాయన గబగబా. "ఇంకా మంజూరు కాలేదు."

విరుగుడు సెక్షను ముందు పెద్ద గుంపు. బోర్డు చూసి, పాము కరిచినవాళ్లూ తేలు కుట్టినవాళ్లూ జిల్లా నలుమూలల నుంచీ వస్తున్నారు. ఇది ఎముకల విరుగుడయ్యా, విషం విరుగుడు కాదు అని అక్కడి గుమాస్తా మొదట్లో చెప్పి చూశాడట. విషం ఎక్కుతున్నవాడితో వ్యాకరణం ఎంతసేపు మాట్లాడగలడు? చివరికి ఒక పసరు సీసా తెచ్చి బల్ల సొరుగులో పెట్టుకున్నాడు. ఆ ఆఫీసులో జనానికి పని జరిగే సెక్షను అదొక్కటే. మా వంతు వచ్చేసరికి, పోలయ్య ఎంత చెప్పినా వినకుండా మోకాలికి పసరు రాసి పంపేశాడు.

కొట్టుకొనుట సెక్షను వాళ్లు, కొట్లాట తమ పరిధి కాదని ఫైలు పోలీసు స్టేషనుకి తోసేశారు. కానిస్టేబులు మా ఊరు వచ్చాడు. పోలయ్య ముందు కూర్చుని టోపీ తీశాడు.

"కొట్టిందెవరు?"

"రాత ప్రకారం నేనేనండి."

"దెబ్బ తిన్నదెవరు?"

"నేనేనండి."

"ఇద్దరూ రాజీ పడతారా?"

పోలయ్య కాస్త ఆలోచించాడు. "అవతలోడు మంచోడేనండి. కానీ కాలు వంగేదాకా వాడితో మాట్లాడనండి."

ఇలా మా వాక్యం ఊరూరా తిరుగుతుంటే, జారుడు సెక్షను నుంచి తాఖీదు వచ్చింది. జారుటకు కారణభూతమైన వస్తువును విచారణకు హాజరుపరచవలెను. అనగా ఐసు. చలపతి గారు నిబంధన ప్రకారం ఒక దిమ్మని రిక్షాలో పంపారు. మధ్యాహ్నం ఎండలో, రైలు గేటు దగ్గర ఆగి, పట్నం చేరేసరికి గోనెసంచీ మాత్రమే హాజరైంది. అనసూయ గారు సంచీని పిండి చూసి, "సదరు వస్తువు ద్రవరూపమున పరారైనది" అని రాశారు. పారిపోయిన వస్తువుకి నోటీసు అంటించాలి. అంటించడానికి చోటు లేక, రిక్షా వెళ్లిన దారిలో ఒక బురద గుంట పక్కన కర్ర పాతి దానికి కట్టి వచ్చారు. ఆ గుంటకి ఇప్పటికీ ముద్దాయి గుంట అని పేరు.

రెండోసారి దిమ్మని ఊకలో పూడ్చి తెచ్చారు. ఈసారి చెక్కు చెదరకుండా వచ్చింది. దక్షిణామూర్తి గారు సంతోషించి, దాన్ని హాలు మధ్య పెట్టించి ప్రత్యక్ష విచారణకి ఉత్తర్వు ఇచ్చారు. ప్రమాదం జరిగింది జరిగినట్టు చేసి చూపించాలి. పోలయ్య జారలేడు, కాలు వంగదు. అతని బదులు ప్రతినిధి జారవచ్చని నిబంధన ఉంది. అందరూ నా వైపు చూశారు.

ఇక్కడ, మొదట్లో అన్న మాటని కొద్దిగా సవరించుకోవాలి. నేను జారిపడలేదని చెప్పానే, అది అక్షరాలా నిజం కాదు. నిజం చెప్పాలంటే నేను జారిపడని వారం మా ఊరివాళ్లకి గుర్తులేదు. రేవులో నన్ను జారుబండ సూరన్న అంటారు. మా పెళ్లిలో మా ఆవిడ మెడ అనుకుని పురోహితుడి మెడ పట్టుకున్నది కూడా జారుతూనే. ప్రతినిధిగా నన్ను ఎంచింది నా రాత చూసి కాదు, నా అనుభవం చూసి.

సరే, కొక్కెం పట్టుకుని దిమ్మని లాగాను. అనసూయ గారు కలం సిద్ధంగా పెట్టుకుని నా పాదాల దగ్గర నిలబడ్డారు. కామేశం గారు గోడ దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నారు, ఆయన వంతు మర్నాడు.

నా కాలు జారింది. "బావుంది, అక్కడే ఆగండి!" అని కేకేశారు అనసూయ గారు. "పడకండి! పడటం నా సెక్షను కాదు!"

నేను ఆగడానికి నా శాయశక్తులా ప్రయత్నించాను. గాలిలో చేతులు ఆడించాను. అటెండరు భుజం పట్టుకోబోయి ఆయన కండువా పట్టుకున్నాను. కండువాతో సహా పడ్డాను.

"చెల్లదు!" అని కుర్చీలోంచే అరిచారు కామేశం గారు. "నా విచారణ రేపు. ఇవాళ పడటానికి వీల్లేదు. లేచి, రేపు జారకుండా వచ్చి పడండి."

"నా విచారణ మాత్రం చెల్లిందా?" అన్నారు అనసూయ గారు. "నాకు కావలసింది జారుడు. ఆయన జారిపడ్డాడు. మొత్తం పాడుచేశాడు."

దక్షిణామూర్తి గారు కుర్చీలోంచి లేచారు. ఇద్దరు గుమాస్తాల వైపూ, నేల మీద ఉన్న నా వైపూ జాలిగా చూశారు. "ఇది అభ్యాసలోపము తప్ప మరేమియును కాదు. విధివిధానము సక్రమముగానే ఉన్నది. ప్రథమమున జారుట. తదుపరి విరామము. ఆ విరామమునందు ఫైలు ఒక సెక్షను నుండి మరియొక సెక్షనుకు పోవును. తదుపరి పడుట. ఇందులో కష్టమేమున్నది? చూడుడు."

నా చేతిలో కొక్కెం తీసుకున్నారు. చెప్పులు విప్పారు. అప్పటికి దిమ్మ కాస్త కరిగి హాలంతా పల్చగా నీళ్లు పరుచుకున్నాయి. గంభీరంగా ఒక్కసారి లాగారు.

ప్రథమం చూశాం. తదుపరి కూడా చూశాం. విరామం ఎవరికీ కనపడలేదు. ఆయన సరసరా హాలంతా జారి, కామేశం గారి కుర్చీ కిందికి వెళ్లి పడ్డారు. దిమ్మ ఆయన వెనకాలే వెళ్లి భక్తిగా పాదాల దగ్గర ఆగింది.

"జారిపడ్డాన్రోయ్! లేవదీయండిరా!"

ఎవరూ కదల్లేదు. కామేశం గారు కుర్చీలోంచి కిందికి వంగి వినయంగా అన్నారు. "క్షమించాలి సార్. తమరిని నేను ముట్టుకోవాలంటే ముందు అనసూయ గారు తన సెక్షను నుంచి విడుదల చేయాలి."

"విడుదల చేయాలంటే సార్ అర్జీ పెట్టుకోవాలి" అన్నారు అనసూయ గారు. "అందులో ఒకే క్రియ ఉండాలి."

నూకాలు దగ్గరికి వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "అయ్యగారూ, ఏ ముక్క లేపమంటారండీ? జారిన ముక్కా, పడిన ముక్కా?"

ఆయన మూలిగారు. ఆవిడ గొంతు ఎంత గట్టిదైనా చెయ్యి మంచిది. వంజరం చేపని గంపలోకి లేపినట్టు ఒక్క పట్టున లేపి కుర్చీలో కుదేసింది. కుడి మణికట్టు అప్పటికే బుడమకాయలా ఉబ్బిపోయింది.

ఎడమ చేత్తో ఫోను తీసి, ఆయన ఇంటికి చేశారు. బాధలో గ్రాంథికం మరిచిపోయారు. "ఒసేయ్, ఐసు దిమ్మ లాగుతూ జారిపడి చెయ్యి విరగ్గొట్టుకున్నానే!"

హాల్లో అందరూ నా వైపు తిరిగారు. నా వాక్యమే. ఒక్క మోకాలు తప్ప అక్షరం తేడా లేదు. అందులో ఏ మాట తీసినా లోటే అని ఊరికే అనలేదు నేను.

చలపతి గారు మెల్లగా గొంతు సవరించుకున్నారు. ఆ దిమ్మ తన ఫ్యాక్టరీదని అప్పుడే ఆయనకి గుర్తొచ్చింది. రేపు ఈ చేతికి కూడా తనే జవాబు చెప్పాలేమోనని తొందరపడ్డారు.

"సార్, రికార్డు కోసం అడుగుతున్నాను. కొట్టుకున్నానన్నారు. అంటే తమరే కొట్టుకున్నారన్నమాట."

దక్షిణామూర్తి గారు ఆయన వైపు చూసిన చూపుకి నేల మీద కరిగిన నీళ్లు మళ్లీ గడ్డకట్టి ఉంటే నేను ఆశ్చర్యపోను.

"చెయ్యి విరగ్గొట్టుకున్నానంటే నేనే కొట్టుకున్నానని అర్థమా? మీకు తెలుగు రాదా? మీరు బడికి వెళ్లలేదా?"

"మరి ఆ పూట పోలయ్య మోకాలు—" అనబోయారు చలపతి గారు.

"నోర్ముయ్యండి."

"ఆయ్" అంది నూకాలు. "ఇప్పుడు చెప్పండి అయ్యగారూ. తమరు ఇంటికి చెప్పింది ఎన్ని కిరియలండి?"

ఆయన ఉబ్బిన చేతిని చూసుకున్నారు. కుర్చీలోంచి పొడుచుకొచ్చిన పోలయ్య కాలిని చూశారు. తరవాత నెమ్మదిగా, అందరికీ వినపడేలా, "నేను పొరబడ్డాను" అన్నారు.

అప్పటికప్పుడు ఉత్తర్వు చెప్పారు, అనసూయ గారు రాసుకున్నారు. జారిపడుట యనునది అవిభాజ్యమైన ఏకక్రియ యనియు, దానిని విడదీయుట ఎవరి తరమును కాదనియు, విరగ్గొట్టుకొనుట యందు కొట్టుకొనుట నామమాత్రమనియు, పరిహారము సంపూర్ణముగా చెల్లించవలసినదనియు ఇందుమూలముగా తెలియజేయడమైనది. పరిహారం పోలయ్య మోకాలికి ముందు, తన చేతికి తరవాత అనుకున్నారు గానీ, రాతలో తన పేరు ముందు పడింది. పోనీండి. ఒకే ఉత్తర్వు, రెండు విరుగుళ్లు. చలపతి గారు సంతకం పెడుతూ, ఐసు వ్యాపారం మానేసి ఉప్పు వ్యాపారం పెడతానన్నారు.

పోలయ్యకి ఆపరేషను అయింది. ఇప్పుడు మోకాలు చక్కగా వంగుతోంది. నూకాలుకి మాత్రం ఒక కష్టం వచ్చింది. కాలు వంగింది కనక ఆయన ఇప్పుడు తిన్నగా పొయ్యి దగ్గరికే వచ్చి, పీట వేసుకుని కూర్చుని, పులుసులో గరిటె పెట్టి మరీ నేర్పుతున్నాడు. దీనికి పరిహారం ఏ ఆఫీసులో ఇస్తారో కనుక్కోమని నా ప్రాణం తీస్తోంది.

ఇదంతా నిజమేనా అని మీరు అడుగుతారు. నా పేరు విన్నవాళ్లు మరీ అడుగుతారు. పాము కరిచినవాళ్లు నిజం, పసరు సీసా నిజం. రాజీ పడమన్న కానిస్టేబులు మా వేలువిడిచిన మేనల్లుడే, కావాలంటే పిలిపిస్తాను. ముద్దాయి గుంటలో వానాకాలం ఇప్పటికీ కప్పలు అరుస్తాయి. నేను కల్పించింది ఒకే ఒక్క ముక్క. దక్షిణామూర్తి గారు "నేను పొరబడ్డాను" అన్నారని రాశానే, అది. కథ బావుంటుందని పెట్టాను. ఆయన ఆ మాట అనలేదు, "నియమావళి అచ్చువేసినవాడు తప్పు వేశాడు" అన్నారు. ఆయన జారగా చూశాను, పడగా చూశాను. పొరబడటానికి మాత్రం ఆ ఆఫీసులో ఇంకా సెక్షను పెట్టలేదు.